ఒక్కరికే కనిపించే దీపం

హైమావతికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. పాలవాడు లీటరు పోశానంటే గిన్నెలో గీత చూసుకునేది. జ్వరం తగ్గిందని డాక్టరు చెబితే ఇంటికొచ్చి మరో థర్మామీటరు పెట్టుకునేది. అనుమానం పెనుభూతం అంటారు. ఆమె పనిచేసే చోట ఆ భూతానికి పీట వేసి మరీ కూర్చోబెట్టారు. కాంతి పరిశోధనశాలలో కొలతల విభాగం ఆమెది. అక్కడ ఎవరు ఏది తయారుచేసినా హైమ కొలిచి సంతకం పెడితేగాని గుమ్మం దాటి బయటికి పోదు.

అలాంటి మనిషికి దసరా నాడు మధ్యాహ్నం మూడు గంటలకు ముత్యాలరేవు నుంచి ఫోను వచ్చింది. రేవు యార్డులో సింహాద్రి నడుపుతున్న ఇంజను ఎర్రదీపం దాటి వెళ్లి, ఆగి ఉన్న ఇనుప ఖనిజం వ్యాగన్లను గుద్దిందట. సింహాద్రి ఆమె మేనత్త కొడుకు, పన్నెండేళ్లుగా మొగుడు. అతనికి చిన్న గీత కూడా పడలేదు. వ్యాగన్ల మధ్య కొక్కెం తగిలిస్తున్న గవరయ్యకు మాత్రం కుడికాలు నలిగిపోయింది. పొద్దుగూకేసరికి మోకాలి దాకా తీసేశారు.

హైమ ఆస్పత్రికి వెళ్లేసరికి సింహాద్రి వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గవరయ్య పెళ్లాం లోపల ఏడుస్తోంది.

"పచ్చే ఉందే హైమా. నా రెండు కళ్లతోటీ సూసినాను. పచ్చ సూసే బండి కదిపినాను" అన్నాడు.

యార్డు కంట్రోలు గదిలో కంప్యూటరు వేరే మాట చెప్పింది. ఆ నిమిషంలో ఐదో లైనుకు, అంటే సింహాద్రి ఉన్న లైనుకు, ఎర్రదీపమే వెలుగుతోంది. పచ్చ వెలిగింది పక్కనున్న నాలుగో లైనుకు.

ఆ దీపాల ముందు బిగించిన గాజు పలకలను కొలిచి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టింది హైమే. మొగుడి మాట నిజమైతే తన కొలత తప్పు. తన కొలత ఒప్పయితే మొగుడు అబద్ధమాడుతున్నాడు. పది రోజుల్లో విచారణ. తప్పు సింహాద్రిదని తేలితే ఉద్యోగం ఊడటంతో సరిపోదు, జైలుకు కూడా పంపుతారు. ఇంటికి వచ్చే దారిలో హైమ తన కొలతలన్నీ మనసులో మరోసారి సరిచూసుకుంది. ఒక్కటీ తప్పు కనబడలేదు. దాంతో పక్క సీట్లో కూర్చున్న మొగుడి మొహం చూడటానికి ఆమెకు మనసొప్పలేదు.

*

నిజానికి ఆ పలకలు పుట్టింది మంచి కోసమే. ముత్యాలరేవు యార్డులో పదకొండు లైన్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. దీపాలన్నీ ఒకే ఇనుప వంతెనకు వరసగా వేలాడతాయి. ఎర్రటి ఖనిజం దుమ్ములో ఏ దీపం ఏ లైనుదో తెలియక, పక్క లైను పచ్చను తనదనుకుని డ్రైవర్లు బండి కదిలించిన సందర్భాలు అంతకుముందు రెండున్నాయి. "ఎవరి దీపం వాళ్లకే కనబడితే ఈ గొడవే ఉండదు కదా!" అన్నాడు పరిశోధనశాల పెద్ద డాక్టర్ వైకుంఠరావు. అన్నంత పనీ చేశాడు.

గాజు పలక మీద బంగారంతో కోట్లాది పుల్లలు. ఒక్కో పుల్ల వెంట్రుక మందంలో వెయ్యో వంతు. డాబా మీది ఏంటెనా రేడియో అలను పట్టినట్టు ఇవి వెలుగును పట్టి, లిప్తలో కోటానుకోట్ల వంతు ఆపి వదులుతాయి. ఒక పుల్ల కంటే పక్క పుల్ల ఇంకాస్త ఎక్కువ ఆపితే వెలుగు అటు ఒరుగుతుంది. కవాతులో ఒక చివరివాళ్లు అడుగు తగ్గిస్తే వరస మొత్తం అటు తిరుగుతుంది కదా, అలాగన్నమాట.

మొదటి పలక తెచ్చి పెట్టినప్పుడు హైమ చేతిలో మీటరు పట్టుకుని పెద్ద హాలంతా తిరిగింది. వెలుగు పక్క లైనులోకి చిమ్ముతోంది. సంతకం పెట్టనంది. పైన రక్షణగా వేసిన రెండో గాజులో ప్రతిబింబం పడుతోందని దాన్ని తీసేయించింది. వెలుగు ఇంకా వెడల్పుగా ఉందని నాలుగుసార్లు వెనక్కి పంపింది. వైకుంఠరావు జుట్టు పీక్కున్నాడు. చివరికి, ఇంజను ఆగాల్సిన గీత దగ్గర, డ్రైవరు తల ఉండే చోట, మూరెడు వెడల్పున మాత్రమే దీపం కనబడేలా కుదిరింది. అక్కణ్ణుంచి ఒక్క అడుగు పక్కకు జరిగితే నల్లగాజు తప్ప ఏమీ లేదు. అప్పుడు పెట్టింది సంతకం, ఎంతో గర్వంగా.

యార్డులో వాళ్లు దానికి దొంగదీపం అని పేరు పెట్టారు. నలుగురికీ కనపడని వెలుగు కూడా వెలుగేనా అని పాత కళాసీలు నవ్వుతున్నారని సింహాద్రి చెబితే, హైమ కూడా నవ్వింది.

*

సస్పెండయిన మొగుడు ఇంట్లో ఉన్నాడు. మొదటి రోజు హైమ అతని చొక్కా బాల్చీలో వేసే ముందు, తాగాడేమోనని వాసన చూసింది. రెండో రోజు అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి, ప్రమాదం వేళకు ఎవరితోనైనా మాట్లాడాడేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా అనుమానించే మనిషికి ఒక ఆధారమే. తుడిచేశాడేమో అనుకుంది.

మూడో రోజు పొద్దున పళ్లెం నిండా పెసలూ ఎర్ర మసూరు పప్పూ కలిపి తెచ్చి అతని ముందు పెట్టింది.

"డబ్బాలు చెయ్యి జారి రెండూ కలిసిపోయాయి. కాస్త ఏరిపెట్టు బావా."

సింహాద్రి కూర్చుని ఏరాడు. హైమ తలుపు పక్కన నిలబడి గడియారం చూసుకుంటోంది. పచ్చవి ఒక కుప్ప, ఎర్రవి ఒక కుప్ప. ఒక్క గింజ అటూ ఇటూ కాలేదు. ఆఖరి గింజ వేశాక అతను తల ఎత్తాడు.

"అయిపోనాది. ఎన్ని మార్కులేసినావు?"

హైమ మొహం మాడిపోయింది. "అదేం కాదు బావా. విచారణలో కంటిచూపు గురించి అడుగుతారు. ముందే తెలిసి ఉంటే మంచిది కదా అని..."

"సొక్కా వాసన సూసినావు. ఫోను తిప్పినావు. ఇప్పుడు కళ్లు. ఆళ్లు అడిగితే అడగనీ, ఆళ్లకి నానేటవుతాను? నువ్వు అడగలేదు సూడు, అదే బాగునేదు. 'నిజంగా పచ్చేనా బావా' అని నోరు తెరిసి ఒక్కసారి అడిగినావా నన్ను?"

అడగలేదు. అడిగితే అతను పచ్చే అంటాడు, ఆ మాటతో తను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సిగ్గేసింది. అయినా అనుమానం మాత్రం అంగుళం తగ్గలేదు.

*

ఐదో రోజు పోలినాయుడు వచ్చాడు. సింహాద్రి ఇంజనులో అసిస్టెంటు డ్రైవరు. ఆ వేళకు సింహాద్రి గవరయ్యను చూడటానికి ఆస్పత్రికి వెళ్లాడు. పోలినాయుడు కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇంజనులో ఇద్దరుంటారు. డ్రైవరు దీపం చూసి చెయ్యెత్తి దాని రంగు గట్టిగా పిలవాలి. అసిస్టెంటు తన కళ్లతో చూసి, తనూ చెయ్యెత్తి అదే పిలవాలి. రెండు నోళ్లూ ఒకటే చెబితేనే బండి కదులుతుంది. ఒకడి కన్ను పొరబడితే రెండోవాడి కన్ను కాస్తుందని ఎప్పుడో పెద్దలు పెట్టిన పద్ధతి. దసరా నాడు సింహాద్రి "ఐదో లైను పచ్చ" అన్నాడు. పోలినాయుడు "ఐదో లైను పచ్చ" అన్నాడు. సింహాద్రికి ఉన్న ఒకే ఒక్క సాక్షి అతనే.

"వదినా, నీకాడ దాయలేను" అన్నాడు పోలినాయుడు. "నాను సూళ్లేదు."

"ఏం చూళ్లేదు?"

"దీపం. ఆ దినమే కాదు, ఆ పలకలెట్టిన మూడు నెల్లుగా నాను ఒక్క దీపమూ సూళ్లేదు. మీ దొంగదీపం డ్రైవరు సీటుకే కనపడతాది. నా సీటులోంచి నల్లగాజే. అన్న పచ్చ అంటే నానూ పచ్చ అంతన్నాను. ఎరుపంటే ఎరుపు. కాయితమ్మీద ఇద్దరూ పిలవాలనే ఉంది కదా!"

హైమకు తన కొలత గుర్తొచ్చింది. మూరెడు వెడల్పు. నాలుగుసార్లు వెనక్కి పంపి, పట్టుబట్టి సాధించిన మూరెడు. పక్క లైనువాడి కన్ను తప్పించబోయి పక్క సీటువాడి కన్ను పొడిచేసింది. ఇంజనులో రెండో మనిషి ఉంటాడని ఆమెకు తెలియక కాదు. ఈ పోలినాయుడు పన్నెండేళ్లుగా ఆమె ఇంట్లో భోంచేస్తున్నాడు.

ఒక్కసారిగా ఇంకో ఆలోచన వచ్చి మరీ భయపడింది. ఇక సింహాద్రి మాటకు సాక్షి అంటూ ఎవరూ లేరు. పచ్చ చూశానన్నది ప్రపంచంలో అతనొక్కడే.

"ఆ రోజు ఇంకేమైనా తేడా ఉందా? బాగా గుర్తు తెచ్చుకో నాయుడూ. దీపాల దగ్గరికి ఎవరైనా వెళ్లారా?"

"ఆయుధపూజ కదా వదినా. పొద్దున్నే అందరం కలిసి ఇంజన్లు తోమినాం, దీపాలూ తోమినాం. వంతెనెక్కి గాజులమీద దుమ్ము దులిపి, ఎప్పట్లాగే కొబ్బరినూనె గుడ్డతోటి మెరిపించి బొట్లెట్టినాం. అంతే."

"నూనె గుడ్డతోనా? అన్నిటికీనా?"

"మరి దేవుడి పని సగం సేస్తామా?"

*

హైమ పరిశోధనశాలకు వెళ్లి బీరువాలోంచి విడిపలక ఒకటి తీసింది. బల్ల మీద బిగించి దీపం వేసింది. గోడ మీద గీసిన గీతకు పచ్చచుక్క సరిగ్గా వచ్చి తాకింది. చేతిగుడ్డకు కొబ్బరినూనె చుక్క అంటించి పలక మీద ఒక్కసారి రాసింది. చుక్క మెల్లగా జరిగి జరిగి, రెండు డిగ్రీల అవతల ఆగింది.

రక్షణ గాజు తీసేయించాక బయటపడ్డ ఆ పుల్లల చుట్టూ గాలి ఉంటే ఒక లెక్క, నూనె ఉంటే ఒక లెక్క. నూనెలో వెలుగు మందగిస్తుంది. ఒక్కో పుల్ల ఆపే సమయం మారిపోతుంది, వరస మొత్తం ఇంకోవైపు తిరుగుతుంది. ఇంజను ఆగే గీత దగ్గర రెండు డిగ్రీలంటే సరిగ్గా ఒక లైను దూరం. నాలుగో లైను పచ్చ సింహాద్రి కంట్లో పడింది. అతని ఎరుపు ఖాళీగా ఉన్న ఆరో లైను మీదికి పోయింది.

బావ అబద్ధం చెప్పలేదు. హైమ అక్కడే స్టూలు మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఆ పలకకు నీరు, ఆవిరి, ఉప్పుగాలి, ఖనిజం దుమ్ము, అన్నిటితోనూ పరీక్ష పెట్టింది. తడి ఆరిపోయేది, దుమ్ము రాలిపోయేది. దసరాతో మాత్రం పెట్టలేదు. పన్నెండు దసరాలు మొగుడు ఇంజను తోమిన నూనెగుడ్డల్ని ఉతికింది తనే. తెలియదు అనడానికి లేదు.

వైకుంఠరావు వచ్చి చుక్కను చూశాడు. గీతను చూశాడు.

"యార్డు నుంచి పలకలు దింపించారట, అవేవి సార్? వాటిమీద నూనె ఉండాలి" అంది హైమ.

"ప్రమాదం మర్నాడే దింపించి కడిగేశాం కదమ్మా. బయటినుంచి వచ్చిన గాజు ఏదైనా ముందు కడిగాకే లోపలికి. మన రూలే కదా!"

రూలే. ఆ రూలు పెట్టినవాళ్లలో హైమ కూడా ఉంది. అయినా ప్రమాదం జరిగిన మర్నాడే, పండగ సెలవులో, ఎవరూ అడక్కుండా పలకలు దింపించి కడిగించడం ఏమిటి? ఆయన మొహంలోకి చూసింది. అమాయకత్వమో, అతితెలివో తేల్చుకోలేకపోయింది. ఆ తర్వాత కూడా ఎన్నడూ తేల్చుకోలేకపోయింది.

"ఇంకో తొమ్మిది రేవులు మన పలకలు అడుగుతున్నాయి" అన్నాడాయన మెల్లగా. "ఈ నూనె సంగతి బయటపడితే అంతా ఆగిపోతుంది. పొరపాటున చూశానని మీ ఆయన్ని ఒప్పుకోమను. జైలు దాకా పోకుండా నేను చూస్తాను, ఏ స్టోర్సులోనో పని ఇప్పిస్తాను. ఆలోచించు. తప్పు తేలితే ముందు వచ్చేది నీ సంతకమే."

"నా సంతకమే సార్. అందుకే చెప్పాలి" అంది హైమ.

*

విచారణ అధికారి పాణిగ్రాహి పెద్దమనిషే. కానీ ముప్పై ఏళ్లలో "పచ్చ చూశాను" అన్న డ్రైవర్లను ఆయన చాలామందిని చూశాడు. నూనె కథ విని మీసం చాటున నవ్వాడు. భర్తను కాపాడుకోవడానికి భార్య తెచ్చిన కథ కదా.

"మాటలొద్దు సార్. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చోండి" అంది హైమ.

పదో రోజు పొద్దున యార్డు ఖాళీ చేయించి, ఐదో లైను గీత దగ్గర ఇంజను నిలబెట్టారు. పలకలు తిరిగి బిగించారు. అందరి ముందూ వాటిని నూనెగుడ్డతో తుడిచారు. కంట్రోలు గదిలో నాలుగో లైనుకు పచ్చ, ఐదో లైనుకు ఎరుపు వేశారు. పాణిగ్రాహి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అసిస్టెంటు సీట్లో వైకుంఠరావును కూర్చోమన్నాడు. హైమ, సింహాద్రి, పోలినాయుడు వెనక నిలబడ్డారు.

"రూలు ప్రకారం పిలవండి సార్" అంది హైమ.

పాణిగ్రాహి ముందుకు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చెయ్యెత్తాడు. "ఐదో లైను, పచ్చ."

వైకుంఠరావు మెడ సాచి ముందుకు చూశాడు.

"చెప్పండి డాక్టరుగారూ. పచ్చేగా?"

వైకుంఠరావు పెదవులు తడుపుకున్నాడు. పచ్చ అంటే చూడనిది చూశానన్నట్టు. "నాకేమీ కనబడటం లేదండీ" అన్నాడు.

"అదేంటండీ, నాకు కనబడుతోంది! ఇదిగో, ఎదురుగా! నిక్షేపంలాంటి పచ్చ!" పాణిగ్రాహి గొంతు లేచింది. అటు తిరిగి, వెనక్కి తిరిగి, ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఎవరూ అవుననలేదు. ఎవరికీ ఏమీ కనబడటం లేదు.

చేతిలోని వైర్‌లెస్ గరగరమంది. "ఐదో లైను ఎరుపే ఉంది సార్. మొదట్నుంచీ ఎరుపే."

పాణిగ్రాహి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి దించి, లేచి, సింహాద్రి ముందు నిలబడ్డాడు.

పోలినాయుడే ముందుకొచ్చాడు. "నాను సూడకుండా పిలిసినాను సార్, మూడు నెల్లు. మొదటి వారం కనపళ్లేదని సెప్పినాను. అలవాటైపోతాదిలే అన్నారు పైవోళ్లు. అలవాటైపోనాది."

ఆ మాట కూడా రాసుకున్నారు. సాయంత్రానికి పలకలన్నీ దింపేశారు. పోలినాయుడిని ఏడాదిపాటు ఇంజను ఎక్కనివ్వలేదు. పరిశోధనశాలలో హైమ సంతకం చెల్లదన్నారు, ఆమె బల్ల ఇంకొకరికిచ్చారు. గవరయ్య కాలు మాత్రం ఎవరూ తేలేకపోయారు. సింహాద్రిది తప్పు లేదని కాగితం వచ్చింది.

కాగితం వచ్చిన మర్నాడు పొద్దున సింహాద్రి డ్యూటీకి తయారవుతున్నాడు. హైమ క్యారియరు కట్టి అతని చేతికిచ్చింది. అన్ని రోజులుగా నోట్లో నలుగుతున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"బావా, నన్ను క్షమించు. నువ్వు నిజమే చెప్పావు. నాకు తెలుసు ఇప్పుడు."

"ఇప్పుడు తెలిసింది" అన్నాడు సింహాద్రి. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని హైమకు అనిపించింది. "నా కోసం ఆళ్లందరి ముందరా నిలబడినావు. ఉజ్జోగం పోగొట్టుకున్నావు. అది నాను మర్సిపోను. కానీ ఒకటి సెప్పే. ఆ సుక్క రెండు డిగ్రీలు జరిగింది గనక నమ్మినావు. జరక్కపోయుంటే?"

హైమ నోరు తెరిచింది. జరక్కపోయినా నమ్మేదాన్ని అనాలి. ఏ పెళ్లామైనా ఆ మాటే అంటుంది. కానీ తనను తాను కొలుచుకోవడం కూడా ఆమెకు అలవాటే. ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు, ఎదురుగా ఉన్న మనిషికీ తెలుసు.

సింహాద్రి ఆగాడు. తొందరపెట్టలేదు. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్లిపోయేదాకా ఆగాడు.

"సరేలే" అన్నాడు చివరికి. క్యారియరు పట్టుకుని మెట్లు దిగాడు. ఎల్లొస్తాను అనలేదు.